పెద్ద బండి – చమురు పద్దు

ఇల్లాలు పప్పుబియ్యములకు, పాలకు, చాకలికి, పిల్లల బడిజీతములకు పద్దు వ్రాసికొనుట మన యిండ్లలో క్రొత్త కాదు. పోపులపెట్టెలో ఆవాలు తరిగినను ఆమెకు తెలియకుండ తరుగవు. కాని యీ దినములలో పెక్కు కుటుంబములయందు పాలకంటెను కూరలకంటెను హెచ్చుగా సొమ్మును మ్రింగుచున్న ఖర్చొకటి ఆ పద్దులోనికి రాకయే పోవుచున్నది. అది వాకిట నిలిచియున్న పెద్ద కారు త్రాగు చమురు. ఆ సొమ్ము బంకు దగ్గర, ఒకనాడు కొడుకు ఫోనునుండి, మరొకనాడు మగని జేబునుండి చెల్లిపోవును గనుక దానిని కూడి చూచువారుండరు. చూడకపోవుటచే ఎంత నష్టము కలుగునో, ఒక్కొక్కప్పుడు ఎంత అన్యాయము కూడ జరుగబోవునో మా యన్నగారి యింట జరిగిన సంగతివలన నాకు బోధపడినది. దానిని సోదరీమణులకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా యన్నగారి కాపురము విజయవాడలో. మా తల్లిగారు, అన్నగారు, వదినగారు, వారి కుమారుడు, కోడలు, ఇద్దరు మనుమలు – వెరసి యేడుగురు. అమ్మకు మోకాళ్ల నొప్పులు; చిన్నకారులో వంగి యెక్కుట ఆమెకు దుర్లభమైనది. పండుగకు కోనసీమలోని స్వగ్రామమునకు పోవలెనన్న రెండు బండ్లు కావలసివచ్చుచుండెను. ఈ కారణములచే వారు చిన్నకారు నమ్మి, యేడుగురు కూర్చుండదగిన పెద్ద డీజిలు బండిని కొనిరి. అమ్మినవారు లీటరునకు 16 కిలోమీటర్లు నడచునని చెప్పిరి. నాలుగు నెలలు గడచునప్పటికి 9 కిలోమీటర్లకు మించి వచ్చుటలేదని తేలినది. ఇంటిలో గుసగుసలు బయలుదేరినవి. పదునాలుగేండ్లుగా ఆ యింట బండి నడపుచున్న డ్రైవరుమీదికి అనుమానము పోయినది. మొదటి తేదీకి అతనిని మాన్పింపవలెనని మేనల్లుడు నిశ్చయించుకొనెను.

నేను వారింటికి పోయిన దినమున వదినగారు ఈ సంగతియే యెత్తిరి. "చూడమ్మా, చిన్నబండి పద్ధెనిమిది ఇచ్చేది. దీనికి పదహారన్నారు. తొమ్మిది దగ్గర ఆగిపోయింది. తక్కిన చమురు ఎవరు తాగినట్టు?" అనిరి. వసారాలో నిలిచియున్న డ్రైవరు ఆ మాట వినెను. అతడు తల వంచుకొని, "అమ్మగారూ, నేను తాగలేదండి. బండి తాగిందో, గాలి తాగిందో, ఒక్క రెండు నెలలు లెక్క చూడండి. ఆ తర్వాత పొమ్మంటే పోతాను" అనెను. అతనికి చదువుకొనుచున్న కొమార్తెలు ఇద్దరు గలరు. పని పోవుటకంటె దొంగయను పేరుతో పోవుట అతనికి హెచ్చు బాధగా నుండెనని ఆ ముఖము చూచిన నాకు తోచినది. అతడు కోరినది న్యాయమే. వదినగారు కూడ సమ్మతించిరి. వంటింటి పద్దు వ్రాయు పుస్తకములోనే వెనుకవైపునుండి చమురు పద్దు మొదలుపెట్టిరి.

పద్దు వ్రాయు విధము

ఈ పద్దు వ్రాయుటకు యంత్రశాస్త్రము చదువనక్కరలేదు. ఒకనాడు బంకులో ట్యాంకు నిండుగా పోయించి, గొట్టము తనంతట తాను ఆగగానే చాలించి, మీటరుమీది కిలోమీటర్ల సంఖ్యను వ్రాసికొనవలెను. మరల పోయించునప్పుడు వీలైనంతవరకు ఆ బంకులోనే, ఆ విధముగానే నిండించి, ఎన్ని లీటర్లు పట్టెనో, మీటరు ఎంతకు వచ్చెనో వ్రాయవలెను. మధ్య నడచిన కిలోమీటర్లను లీటర్లతో భాగించిన మైలేజీ వచ్చును. ఐదువందలకో వెయ్యికో పోయించుచుండిన ఈ లెక్క కుదరదు. ఒక్కసారి చూచి తీర్పు చెప్పరాదు. మూడు నాలుగు నిండింపులు చూచిన పిమ్మటనే నిజము తేలును. ప్రక్కన మరి రెండు గడులు గీచి, బండి యెక్కడెక్కడికి పోయినదో, ఎంతసేపు నిలిచియున్నదో కూడ వ్రాయించితిమి. అసలు రహస్యము ఆ రెండు గడులలోనే బయటపడినది.

మొదట నొక సందేహము తీర్చుకొనవలెను. అమ్మువారు చెప్పిన 16 అబద్ధమా? కాదు. అది పరీక్షాశాలలో బండిని రోలర్లమీద నిలిపి, నిర్ణయించిన క్రమమున నడపించి తీసిన సంఖ్య. అందులో బెంజి సర్కిలు రద్దీ లేదు, గోతులు లేవు, వేసవి యెండ లేదు, ఏడుగురు మనుష్యులును వారి పెట్టెలును లేవు. రెండు బండ్లను పోల్చి చూచుటకు ఆ సంఖ్య పనికివచ్చును గాని, డ్రైవరును నిలదీయుటకు పనికిరాదు.

మైలేజీ సంఖ్య చేయు మోసము

ఇప్పుడు సోదరీమణులకు చిన్న లెక్క యిచ్చెదను. ఒక యింట చిన్నకారు లీటరునకు 20 కిలోమీటర్లు నడచుచుండగా బాగుచేసి 25 నడచునట్లు చేసిరి. మరొక యింట పెద్దకారు 8 నడచుచుండగా 10 నడచునట్లు చేసిరి. రెండును నెలకు వేయి కిలోమీటర్లు తిరుగును. ఎవరికి లాభము హెచ్చు? ఐదు పెరిగిన మొదటివారికే యని మనకు వెంటనే తోచును. కాని లీటర్లలో చూడుడు. చిన్నకారునకు 50 లీటర్లు కావలసియుండగా 40 చాలినవి, మిగిలినవి 10. పెద్దకారునకు 125 లీటర్లు కావలసియుండగా 100 చాలినవి, మిగిలినవి 25. పెరిగినది రెండే యైనను రెండవవారికి రెండున్నర రెట్లు హెచ్చు మిగిలినది!

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అను పండితులు 2008లో "సైన్స్" పత్రికయందు ఈ భ్రమను వివరించిరి. చమురును మైళ్లలో కొలిచిన మనుష్యులు పొరబడుదురనియు, ఇంత దూరమునకు ఇంత చమురని కొలిచిన సరిగా గ్రహింతురనియు వారు చూపిరి. కావున మన పద్దులో లీటరునకు ఎన్ని కిలోమీటర్లని గాక, నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని వ్రాసికొనుట మేలు. బియ్యము లెక్క మన మట్లే చూతుము గదా. కిలో బియ్యము ఎందరికి వచ్చుననుకొనము, ఇంటికి నెలకు ఎన్ని కిలోలని అడుగుదుము. మా వదినగారి బండి నూరు కిలోమీటర్లకు 11 లీటర్లకు పైగా త్రాగుచుండెను.

దీనినిబట్టి తెలిసికొనవలసిన దేమనగా, హెచ్చుగా తిను బండిలోనే మిగుల్చుకొనుటకును హెచ్చు చోటున్నది. పెద్దబండి యున్నవారు "ఇది యింతే, దీని స్వభావమే యిది" యని విడిచిపెట్టుట పొరబాటు.

చమురు త్రాగినది ఎవరు?

ఇంజనులో కాలిన చమురు శక్తిలో సగముకంటె చాల హెచ్చు పాలు వేడిగానే పోవును. మిగిలిన కొంచెముతో బండి నాలుగు పనులు చేయవలెను: ఎదురుగాలిని త్రోయుట, టైర్ల రాపిడిని గెలుచుట, తన బరువును కదల్చుట, ఏసీ మొదలగువానిని నడపుట. ఇంజనును మనము మార్చలేము గాని యీ నాలుగు పనులను తేలిక చేయుట మన చేతిలో నున్నది.

మా వదినగారి బండిని చూడబోగా మొట్టమొదట కంటబడినది పైకప్పుమీది క్యారియరు. సంక్రాంతికి ఊరికి పోవునప్పుడు పెట్టెలకును గంగాళములకును దానిని బిగించిరి. పండుగ పోయి నెలలైనను దానిని విప్పలేదు. పెద్దబండి అసలే యెత్తు, వెడల్పు. దాని ముఖమునకు తగులు గాలి యెక్కువ. ఆపైన క్యారియరున్నచో, అందులో ఏమియు లేకున్నను, గాలి దానికి చుట్టుకొని వెనుకకు లాగుచుండును. సామాను పెట్టెను కప్పుమీద కట్టిన పట్టణములో నూటికి 2 మొదలు 8 పాళ్లు, పెద్దరోడ్లమీద 6 మొదలు 17 పాళ్లు మైలేజీ తగ్గునని అమెరికా ప్రభుత్వమువారి అంచనా. గంటకు 105 కిలోమీటర్లు దాటిన వేగమున నది నాలుగవ వంతువరకు పోవచ్చును. అదే పెట్టెను బండి వెనుక కట్టిన పెద్దరోడ్డుమీద 1 మొదలు 5 పాళ్లకు మించదు. పండుగ కాగానే పందిరి విప్పుదుము గాని క్యారియరును విప్పము! వదినగారు ఆ సాయంకాలమే దానిని విప్పించి అటకమీద పెట్టించిరి. "గాలి తాగిందో" యని డ్రైవరు తెలియక యన్నమాట అక్షరాల నిజమైనది.

రెండవది టైర్లలోని గాలి. కొన్ననాటినుండి ఎవరును కొలిపించలేదు. పంక్చరు దుకాణములలో పాయింటని పిలుచు కొలతలో నాలుగు టైర్లకును ఒక్కొక్క పాయింటు తగ్గినచో నూటికి 0.2 పాలు మైలేజీ తగ్గునందురు. ఇది స్వల్పమే, కాని ఎనిమిది పాయింట్లు తగ్గినప్పుడు చమురు పోవుటయే గాక టైరు త్వరగా అరుగును, వేడెక్కును, నిండుబండి వేగముగా పోవునప్పుడు పగిలి ప్రాణాపాయము తెచ్చును. ఎంత గాలి యుండవలెనో డ్రైవరు తలుపు తెరచిన చోట స్తంభముమీద అచ్చువేసి యుండును. ఇద్దరున్నప్పుడు ఒక సంఖ్య, నిండుగా నున్నప్పుడు మరొక సంఖ్య యుండవచ్చును. ఉదయము బండి కదలకమునుపే, టైరు చల్లగా నుండగా చూచుట సరియైన పద్ధతి. నెలకొకసారి, దూరప్రయాణమునకు ముందొకసారి చూపవలెను. మిగులు టైరును మరువరాదు.

మూడవది మాకు అన్నిటికంటె సిగ్గు కలిగించినది. పద్దులో "ఎంతసేపు నిలిచినది" అను గడిలో ప్రతిదినము బడి దగ్గర 20 నిమిషములని యుండెను. "ఇంజను ఆపియుంచవా?" యని వదినగారు డ్రైవరు నడిగిరి. "పిల్లలెక్కేసరికి బండి చల్లగా ఉండాలని కోడలుగారు చెప్పారండి" అని అతడు వినయముగా బదులు చెప్పెను. ఏసీ వేసి నిలిపియుంచిన కారు, ఇంజను పరిమాణమునుబట్టి, గంటకు సుమారు ఒక లీటరు మొదలు రెండు లీటర్ల వరకు త్రాగును. దినమునకు 20 నిమిషముల చొప్పున నెలలో 25 దినములకు ఎనిమిది గంటలకు పైనగును. అనగా ఒక్క కిలోమీటరైనను కదలకుండ నెలకు ఎనిమిది లీటర్లయినను గాలిలో కలిసిపోవుచున్నవి! ఆజ్ఞ మనది, నింద అతనిది. అంతేకాదు, బడిగేటు ముందు వరుసగా నిలిచిన బండ్లు విడుచు పొగ పొడుగువారి ముక్కుకంటె పిల్లల ముక్కునకే ముందు తగులును. మన పిల్లలకు చల్లగాలి కావలెనని పదిమంది పిల్లలకు పొగ పట్టించుచున్నాము.

నేటి ఇంజనును తిరిగి స్టార్టు చేయుటకు పట్టు చమురు పది సెకండ్లు నిలిపియుంచినదానికి మించదు. కావున పెద్ద సిగ్నలు దగ్గరను, బడి దగ్గరను, రైలుగేటు దగ్గరను ఆపివేయుట మేలు. చల్లదనము కావలెనన్న నీడ చూచి నిలుపవలెను. ఎండలో నిలిచిన బండియైనచో ముందు తలుపులు తెరచి వేడిగాలి పోనిచ్చి, పిమ్మట ఏసీ వేసిన త్వరగా చల్లబడును. ఊరిలో మెల్లగా పోవునప్పుడు వీలైన అద్దములు దించుకొనవచ్చును. పెద్దరోడ్డుమీద వేగముగా పోవునప్పుడు మాత్రము అద్దములు మూసి ఏసీ వేసికొనుటయే మేలు. తెరచిన కిటికీలలో గాలి చొచ్చి బండిని వెనుకకు పట్టును.

వేగము, నిదానము

వేగము రెట్టింపైనప్పుడు ఎదురుగాలి బలము నాలుగింతలగును. పెద్దబండికి ఈ శిక్ష మరింత కఠినము. విజయవాడనుండి హైదరాబాదునకు సుమారు 275 కిలోమీటర్లు. గంటకు 100 చొప్పున ఆగకుండ పోయిన రెండు గంటల నలుబదియైదు నిమిషములు, 85 చొప్పున పోయిన మూడు గంటల పదునాలుగు నిమిషములు పట్టును. తేడా అరగంట. ఆ అరగంట కోర్చుకొన్నచో గాలి బలము నాలుగవ వంతునకు పైగా తగ్గును. మధ్య నొక లారీ అడ్డము వచ్చినను, కాఫీకి దిగినను పోవు అరగంటకై యింత చమురు తగులబెట్టవలెనా?

ఊరిలో ఒక్కసారిగా తొక్కి, ముందుబండి వెనుకకు పోయి ఒక్కసారిగా బ్రేకు వేయుట మరొక దుర్వ్యయము. బరువైన బండిని పరుగెత్తించుటకు కాల్చిన చమురంతయు ఒక్క బ్రేకుతో వేడియై పోవును. ఇట్టి దుడుకు నడకవలన పెద్దరోడ్లమీద నూటికి 15 మొదలు 30 పాళ్లు, ఆగి ఆగి పోవు వీథులలో 10 మొదలు 40 పాళ్లు మైలేజీ తగ్గునని పైన చెప్పిన ప్రభుత్వమువారే లెక్కకట్టిరి. ముందు ఎఱ్ఱదీపము కనబడగానే పాదము తీసివేసి, బండి తన జోరుతో తానే పోవునట్లు విడుచుట మంచి డ్రైవరు లక్షణము. ఇంజను మొరాయింపకుండ వీలైనంత త్వరగా పై గేరు వేయుట, క్లచ్చిమీద ఊరక పాదమానింపకుండుట కూడ అట్టివే. మా వదినగారి డ్రైవరు ఈ విషయములో నిదానస్తుడే. సెలవుదినములలో తాను నడపునప్పుడే మైలేజీ పడిపోవుచున్నదని పద్దు చూచి మేనల్లుడు తానే ఒప్పుకొనెను.

డిక్కీలోని బరువు సంగతి కూడ చెప్పెదను. అందులో ఇరువది లీటర్ల నీళ్లడబ్బా, మడతకుర్చీలు, పాతపుస్తకముల కట్ట, ఎప్పుడో విడిచిన చెప్పులు దొరికినవి. 45 కిలోల బరువు దించిన నూటికి ఒక పాలు మిగులునందురు. పెద్దబండికి అంతకంటె కొంచెము తక్కువయే. ఐనను ఊరక మోయనేల?

చేయరాని పొదుపులు

పొదుపు పేరుతో ప్రమాదమును కొని తెచ్చుకొనరాదు. ఘాటుదిగునప్పుడు గేరు తీసి న్యూట్రలులో విడుచుట కొందరికి అలవాటు. ఇది బ్రేకులమీదనే భారము మోపు ప్రమాదకరమైన పని. దానివలన లాభమును లేదు. గేరులోనుండగా పాదము తీసినచో నేటి ఇంజనులు చమురును తామే ఆపివేయును. న్యూట్రలులో నున్నప్పుడే ఇంజను తిరుగుటకు చమురు కావలసియుండును. టైర్లలో నిర్ణయించినదానికంటె హెచ్చు గాలి కొట్టించుటయు తగదు. ఏడుగురి బండిలో పదిమందిని కుక్కి "ఒక్క ట్రిప్పు మిగిలినది" అనుకొనరాదు; వెనుక కూర్చున్న పిల్లలకు కూడ బెల్టు ఉండవలసినదే.

అట్లే అయస్కాంతములని, మాత్రలని, గొట్టమునకు తగిలించు పరికరములని అమ్మువారిని నమ్మి డబ్బు పోగొట్టుకొనరాదు. ఇట్టివానిని నూటికి పైగా అమెరికా పర్యావరణ రక్షణ సంస్థవారు పరీక్షించిరి. వానిలో చమురు నేమైన మిగిల్చినవి మిక్కిలి కొద్ది. గాలివడపోత, అనగా ఏర్ ఫిల్టరు, మార్చిన మైలేజీ హెచ్చునన్న మాట పాతకాలపు కార్బురేటరు బండ్లకు చెల్లును. నేటి బండ్లలో అది మైలేజీని అంతగా మార్చదని 2009లో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు కనుగొనిరి. ఇంజను ఆయుష్షునకై దానిని సకాలమున మార్చవలసినదే. కాని దానినుండి అద్భుతములు ఆశింపరాదు. ఇంజను ఆయిలు మాత్రము బండి పుస్తకములో చెప్పిన రకమునే పోయింపవలెను. చిక్కనిది పోసిన నూటికి ఒకటి రెండు పాళ్లు నష్టము.

క్రొత్తగా కొనువారికి

పెద్దబండి కొనదలచినవారు ముందు తమ తిరుగుడెట్టిదో చూచుకొనవలెను. 2020 ఏప్రిలు 1నుండి వచ్చిన భారత్ ఆరవ ప్రమాణపు డీజిలు కార్ల పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ యొకటి యున్నది. దూరప్రయాణములలో ఆ మసి తానే కాలి శుభ్రపడును. దినమును బడికి, బజారుకు రెండేసి కిలోమీటర్లు మాత్రమే తిరుగు బండిలో మసి పేరుకొని, దానిని కాల్చుటకు అదనపు చమురు ఖర్చగును. కావున ఊరిలోనే తిరుగువారికి డీజిలు తగినది కాదు.

పెట్రోలు బండివారు మరొకటి తెలిసికొనవలెను. పెట్రోలులో ఇప్పుడు నూటికి 20 పాళ్లవరకు ఇథనాలు కలియుచున్నది. పెట్రోలుతో పోల్చిన దాని శక్తి మూడవ వంతు తక్కువ. పది పాళ్ల మిశ్రమమునకు సరిచేసిన పాతరకపు కార్లలో 20 పాళ్లది వాడిన మైలేజీ 6, 7 పాళ్లు తగ్గవచ్చునని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక చెప్పినది. తగ్గినంతమాత్రమున డ్రైవరును అనుమానింపరాదు.

పెద్దబండ్లకు మిక్కిలి మేలుచేసిన మార్పు హైబ్రిడ్ పద్ధతి. ఇందులో పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారు, బ్యాటరీ యుండును. మామూలు బండిలో బ్రేకువేసిన వృథాయగు జోరును ఇది కరెంటుగా మార్చి దాచుకొని, తిరిగి కదలునప్పుడు వాడుకొనును. మిగిలిన అన్నమును పారవేయక చద్దిగా దాచు ఇల్లాలివలె. సిగ్నలు దగ్గర ఇంజను తానే ఆగును. అందుచే ఆగి ఆగి పోవు పట్టణములోనే దీనికి లాభము హెచ్చు. 2022 చివర మనదేశములో చూపిన ఇన్నోవా హైక్రాస్ బండికి పరీక్షాశాలలో మామూలు పెట్రోలు రకమున 16.13, హైబ్రిడ్ రకమున 23.24 కిలోమీటర్లు వచ్చినవి. బండి ఒకటే, కుర్చీలును దాదాపు అవే. ఐతే హైబ్రిడ్ ధర హెచ్చు. నెలకు మీరు తిరుగు దూరమునుబట్టి మిగులు లీటర్లెన్నో లెక్కకట్టి, మీ యూరి ధరతో గుణించి, ఆ హెచ్చు ధర ఎన్నేండ్లకు తీరునో చూచుకొని పిమ్మట నిర్ణయింపవలెను. నెలకు మూడువందల కిలోమీటర్లు తిరుగువారికొక సమాధానము, రెండువేలు తిరుగువారికొక సమాధానము వచ్చును.

నిండుగా నడపుట

ఒక్క మాట మిగిలినది. నిజమైన పెద్దబండి మన ఆర్టీసీ బస్సు. అది లీటరు డీజిలునకు ఐదు కిలోమీటర్లు నడచుననుకొందము. ఏబదిమంది కూర్చున్నచో ఒక్క లీటరుతో ఏబదిమందిని ఐదేసి కిలోమీటర్లు చేర్చినది. మన కారు లీటరునకు పది కిలోమీటర్లు నడచినను, ఒక్కరే కూర్చున్నచో ఒక్కరిని పది కిలోమీటర్లు చేర్చినది. మొదటిదానిలో ఒక్క లీటరుతో కలిసిన ప్రయాణము 250 కిలోమీటర్లు, రెండవదానిలో పది. అదే కారులో ఏడుగురు కూర్చున్న డెబ్బది! పెద్దబండి నిండుగా పోయిన అది పొదుపరి. ఒక్కరికై పోయిన దుబారా. ఇరుగుపొరుగు పిల్లలను కలిపి ఒకే బండిలో బడికి పంపుట, కొత్తిమీరకట్టకు బండి తీయక నడచిపోవుట, ఆసుపత్రి, బ్యాంకు, బజారు పనులను ఒకే తిరుగుడులో ముగించుట – ఇవి యంత్రముతో నిమిత్తము లేని పొదుపులు. ఇంజను చల్లారినప్పుడు చేయు చిన్న ప్రయాణమే చమురును హెచ్చుగా త్రాగునని మరువరాదు.

ఆర్టీసీ డిపోలలో ఏ డ్రైవరు లీటరునకు ఎన్ని కిలోమీటర్లు నడిపెనో లెక్క చూతురు. లెక్క చూచిన చోట పొదుపు తానే వచ్చును. మన యింటి బండికి ఆ లెక్క చూచుట యిల్లాలికంటె బాగుగా ఎవరు చేయగలరు?

రెండు నెలలైన పిమ్మట వదినగారి పద్దులో 9 కిలోమీటర్లు 11 ఐనవి. వారి బండి నెలకు సుమారు 1200 కిలోమీటర్లు తిరుగును. పూర్వము 133 లీటర్లు పట్టుచుండగా ఇప్పుడు 109 చాలినవి. నెలకు 24 లీటర్లు! లీటరు డీజిలు కాలిన సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు గాలి పుట్టును; ఆ లెక్కన నెలకు అరువది కిలోలకు మించి ఆ వాయువు తగ్గినది. మనదేశము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి విదేశములనుండి కొనుచున్నదే గనుక, ఆ 24 లీటర్లు దేశపు పద్దులో కూడ మిగిలినట్లే. మిగిలిన సొమ్మును వదినగారు మనుమరాలి వీణపాఠములకు కేటాయించిరి.

ఆ నెల మొదటి తేదీన మేనల్లుడు డ్రైవరునకు జీతమిచ్చుచు, "పొరబాటు మాదే. మనసులో పెట్టుకోకు" అనెను. అతడు ఏమియు అనలేదు. కన్నులు తుడుచుకొని, "గాలి చూపించి వస్తానండి" యని బండి తాళములు తీసికొనిపోయెను. నాటినుండి ఆ పద్దులో మీటరు సంఖ్యను వ్రాయువాడు అతడే. నెలాఖరున కూడి చూచువారు వదినగారు.

సోదరీమణులారా! పుస్తకములో ఒక్క పుట, నెలకు నాలుగు పంక్తులు – ఇంతకంటె కావలసినదేమియు లేదు. ఈ నెలలోనే మొదలుపెట్టుడు. మీ వాకిటి బండి ఎంత త్రాగుచున్నదో, ఎందుకు త్రాగుచున్నదో మీకు తెలిసిననాడు ఇంట సొమ్ము నిలుచును. అంతకంటె ముఖ్యముగా, చేయని తప్పునకు ఒక పేదవాని మీద నింద పడకుండును.